ఆరు అక్షరాలు చూపిస్తే టికెట్ అయిపోదు

ఉమ్రాకు, అంటే ఏడాదిలో ఎప్పుడైనా చేసే మక్కా యాత్రకు, గ్రూపు కడుతున్నామంటూ నెల్లూరు కోటమిట్టలోనో ఒంగోలులోనో ఇంటికొచ్చేది చాలాసార్లు అసలు ఏజెంటు కాదు, తెలిసిన పెద్దమనిషే. ఇంతమందిని కూడగడితే ఆయన ప్రయాణం ఉచితం. డబ్బు చేరేది మాత్రం చెన్నైలోనో హైదరాబాదులోనో ఉన్న ఇంకొకరికి. ఆ అసలు ఏజెంటు మొహం డబ్బు కట్టినవాళ్లెవరూ చూసి ఉండరు.

‘ఇప్పుడు కట్టండి, ఏడాది తర్వాత సగం ధరకే పంపిస్తాం’ అంటే అక్కడే ఆగిపోవాలి. విమాన ఛార్జీ, వీసా, గది అద్దె ఎవరికీ సగానికి రావు. కొత్తగా కట్టినవాళ్ల డబ్బుతో పాత గ్రూపును పంపడమే ఈ లెక్క. మొదటి రెండు గ్రూపులు క్షేమంగా వెళ్లొస్తాయి కాబట్టే మూడోది నమ్ముతుంది. కట్టేవాళ్లు తగ్గిన నెలలో ఫోన్ స్విచాఫ్.

ఎక్కువమంది బోల్తా పడేది టికెట్ దగ్గర. వాట్సాప్‌లో వచ్చే కాగితం మీది ఆరు అక్షరాల పీఎన్ఆర్ సీటు పట్టి ఉంచారని మాత్రమే చెప్పొచ్చు. గడువులోగా డబ్బు కట్టకపోతే విమాన సంస్థ దాన్ని రద్దు చేస్తుంది. డబ్బు కట్టిన టికెట్‌కు 13 అంకెల నంబరు ఉంటుంది. సౌదీ విమాన సంస్థ సౌదియా అయితే 065తో, ఎయిరిండియా అయితే 098తో మొదలవుతుంది. చౌక విమానాల్లో ఆ నంబరు లేకపోవచ్చు. అప్పుడు పీఎన్ఆర్, ఇంటిపేరు సంస్థ సైట్‌లో కొట్టి, బుకింగ్ ఖరారైందో లేదో చూడాలి. తిరుగు ప్రయాణానికి వేరే పీఎన్ఆర్ ఉంటే అదీ చూడాలి. జెద్దాలో ఇరుక్కునేది దీన్ని వదిలేసినవాళ్లే.

హజ్ సంగతి వేరు. దానికి దారులు రెండే: హజ్ కమిటీ ఆఫ్ ఇండియా, కేంద్ర మైనారిటీ వ్యవహారాల శాఖ గుర్తించిన ప్రైవేటు నిర్వాహకులు. శాఖ జాబితాలోని పేరు, రసీదు మీది పేరు ఒకటే కావాలి. విజిట్ వీసాపై హజ్ చేయిస్తామనేవాళ్లు యాత్రికుల ప్రాణంతో ఆడుకుంటున్నట్టే. 2024 ఎండల్లో చనిపోయిన 1,301 మందిలో 83 శాతం అనుమతి లేనివాళ్లని సౌదీ ప్రభుత్వమే చెప్పింది. నీడ, గుడారం లేకుండా మైళ్లకొద్దీ నడిచారు వాళ్లు. 2025లో సౌదీ ప్రకటించిన జరిమానా 20,000 రియాళ్ల వరకు, పైగా పదేళ్ల నిషేధం.

డబ్బు సంస్థ ఖాతాకే పంపాలి, ఎవరి సొంత ఫోన్‌పేకో కాదు. రెండు లక్షలు, ఆపైన నగదు పుచ్చుకోవడం ఆదాయపు పన్ను చట్టం ప్రకారమే తప్పు. రసీదులో హోటల్ పేరు, గదికి ఎన్ని మంచాలో, రద్దయితే వాపసు ఎంతో రాయించుకోవాలి. ‘హరం (మక్కా పెద్ద మసీదు) పక్కనే’ అన్న మాట రసీదు కాదు. మక్కాలో ఆ పక్కన అనేది కొండెక్కే దారి కావచ్చు, మోకాళ్ల నొప్పులున్న ముసలమ్మలకు అదే నరకం.

మోసపోయాక కూడా మనవాళ్లు నోరు విప్పరు. పుణ్యయాత్రకని బయల్దేరి స్టేషన్ మెట్లెక్కడమేమిటన్న సంకోచం ఒకటి, మధ్యనున్న పెద్దమనిషంటే మొహమాటం ఇంకొకటి. ఆన్‌లైన్‌లో డబ్బు పంపి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. వినియోగదారుల కమిషన్ కోసం ఏజెంటు ఊరికి పోనక్కర్లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మన జిల్లాలోనే, రెండేళ్లలోపు కేసు వేయొచ్చు.

మసీదు కమిటీలు ఒక పని చేయొచ్చు. జుమా (శుక్రవారం నమాజు) తర్వాత వరండాలో చదువుకున్న కుర్రాణ్ణి ఫోన్‌తో కూర్చోబెట్టి, గ్రూపులో అందరి టికెట్లూ చూపించాలి. బయల్దేరే వారం ముందు ఇంకోసారి కూడా. ఒకసారి చూపించిన టికెట్‌నే తర్వాత రద్దు చేసి వాపసు తీసుకునే ఏజెంట్లున్నారు.