విజయవాడ గంటే, కానీ ఉప్పల్ నుంచి కాదు

హైదరాబాద్ నుంచి విజయవాడకి విమానంలో ఎంతసేపు అంటే ఎవరైనా గంటేగా అంటారు. టికెట్ మీదా అంతే ఉంటుంది, మహా అయితే గంటం పావు. నాన్నకి పదిన్నరకి హెర్నియా ఆపరేషన్ అని తెలిసి, ఆ గంటను నమ్మే నేనూ టికెట్ తీసుకున్నాను.

మా ఇల్లు ఉప్పల్‌లో, అంటే విజయవాడ వైపే. విమానం కోసం మాత్రం ఊరికి అటు కొసన ఉన్న శంషాబాద్‌కి పోవాలి. బ్యాగ్ తీసుకునే కౌంటర్ గంట ముందే మూసేస్తారన్న టెన్షన్‌తో ఐదున్నరకే బయల్దేరాను. ఎనిమిదింపావుకి విమానం కదిలింది. కాసేపటికి కిటికీలోంచి కింద కృష్ణ, బ్యారేజీ, ఊరు కనిపించాయి. నాన్న ఉన్న ఆస్పత్రి అక్కడే ఎక్కడో ఉంది. విమానం ఊరు దాటిపోయి గన్నవరంలో దిగింది. అక్కణ్నుంచి మళ్లీ 20 కిలోమీటర్లు వెనక్కి. రామవరప్పాడు రింగ్ దగ్గర లారీల మధ్య ఇరుక్కుని ఉండగా అన్నయ్య ఫోన్ చేశాడు. "లోపలికి తీసుకెళ్లిపోయార్రా" అన్నాడు. ఇల్లు వదిలి అప్పటికి ఐదు గంటలు.

రెండు విమానాశ్రయాల మధ్య ఆకాశంలో సుమారు 260 కిలోమీటర్లు. రెండు ఊళ్ల మధ్య రోడ్డు 275 దగ్గర. ఒకటి హైదరాబాద్‌కి అవతల, మరొకటి బెజవాడకి అవతల ఉండటం వల్ల గాల్లో వెళ్లినా కలిసొచ్చే దూరం దాదాపు లేదు. విమానం వేగం పెంచినా పెద్దగా ఒరిగేదేమీ లేదు, ఎందుకంటే మన టైమంతా పోతున్నది నేల మీద.

విశాఖ సంగతి వేరు. రోడ్డున 600 కిలోమీటర్ల పైమాటే, మామూలు రైలుకి పన్నెండు గంటలు. అక్కడికి విమానం నిజంగా ఒక రోజును మిగులుస్తుంది. అయితే విశాఖ కోసం తలపెట్టిన కొత్త విమానాశ్రయం భోగాపురంలో, నగరానికి సుమారు 45 కిలోమీటర్లు. విమానాలు అక్కడికి మారితే గాల్లో సమయం అంతే ఉంటుంది, ఇంటి నుంచి లెక్క మాత్రం మారుతుంది.

2023 సంక్రాంతి రోజున సికింద్రాబాద్, విశాఖ మధ్య వందే భారత్ మొదలైంది. తర్వాత పొద్దున ఐదింటికి బయల్దేరే బండి కూడా వచ్చింది. అందులో తొమ్మిది ప్రాంతానికి విజయవాడ స్టేషన్‌లో, ఊరి నడిబొడ్డున దిగొచ్చు. అది తెలిసీ నేను గంట అన్న అంకెకి లొంగిపోయాను. 300 కిలోమీటర్ల లోపు ఊళ్లకి మనకి కావలసింది ఇంకో విమానం కాదు, ఇలాంటి రైళ్లు ఇంకో నాలుగు. ఉన్న విమానాశ్రయాలకైనా దారి బాగుపడాలి. శంషాబాద్ మెట్రోకి 2022 డిసెంబర్‌లో శంకుస్థాపన చేశారు, రైలు ఇంకా రాలేదు.

మధ్యాహ్నం నాన్నకి మెలకువ వచ్చింది. నన్ను చూసి, "ఎన్నింటికి బయల్దేరావురా?" అని అడిగారు.