పంపకం లేని చట్టంలో పసివాళ్లే బేరం

విడాకుల కోసం లాయరు గడప తొక్కిన ఆడకూతురు తొలిరోజే అడిగే మాట ఒకటుంది: ‘‘ఆస్తిలో సగం నాకు వస్తుంది కదండీ?’’ అమెరికాలో ఉన్న బంధువులెవరో చెప్పి ఉంటారు. సినిమాల్లో చూసి ఉంటుంది. నిజం చెప్పే లాయరైతే ‘‘రాదమ్మా’’ అనే చెప్పాలి. పెళ్లితోనే ఆస్తి ఇద్దరిదీ అయ్యే పద్ధతి, పోర్చుగీసు కాలపు పౌరస్మృతి ఇప్పటికీ అమలులో ఉన్న గోవా వంటి ఒకటి రెండు చోట్ల తప్ప, మన దేశంలో లేదు. ఈ సంగతి పెళ్లి పెద్దలకూ తెలియదు, పంచాయితీ చేసే పెద్దమనుషులకూ తెలియదు. తెలిసేనాటికి కేసు సగం దూరం వెళ్లిపోయి ఉంటుంది.

1955 నాటి హిందూ వివాహ చట్టం ఏ కారణాలపై విడాకులు ఇవ్వవచ్చో చెప్పింది. భరణం గురించి 24, 25 సెక్షన్లలో, పిల్లల గురించి 26లో చెప్పింది. ఆస్తి దగ్గరికి వచ్చేసరికి, పెళ్లి సమయంలో ఇద్దరికీ కలిపి వచ్చిన కానుకల ప్రస్తావనతో 27వ సెక్షన్ ఆగిపోయింది. ఆ తర్వాత పదేళ్లో ఇరవయ్యేళ్లో ఇద్దరూ కలిసి కూడబెట్టినదాని ఊసు అందులో లేదు. రిజిస్ట్రేషన్ ఎవరి పేరిట ఉంటే ఆస్తి వారిదే.

హైదరాబాద్ శివారులో ఫ్లాటు కొనుక్కున్న ఉద్యోగ దంపతులనే తీసుకోండి. ఆయన జీతంలోంచి ఈఎంఐ పోతుంది. ఆమె జీతం పాలకు, కూరలకు, పనిమనిషికి, పిల్లల స్కూలు ఫీజుకు, అత్తగారి మందులకు పోతుంది. ఆమె ఆ ఖర్చులు మోయబట్టే ఆయన ఈఎంఐ కట్టగలిగాడు. పన్నెండేళ్లకు తెగతెంపులయ్యేనాటికి ఆయన చేతిలో సేల్ డీడ్ ఉంటుంది, బ్యాంకు స్టేట్‌మెంట్ ఉంటుంది. కూరల వాడి దగ్గర రసీదు ఎవరు తీసుకుంటారు? ఉద్యోగం మానేసి పిల్లల్ని పెంచిన ఇల్లాలికి ఆ మాత్రం లెక్క కూడా మిగలదు.

పల్లెల్లో మరో తీరు. పసుపు కుంకుమ కింద పుట్టింటివారు ఇచ్చిన ఎకరమో అరెకరమో భర్త వ్యాపారానికో, ఆడపడుచు పెళ్లికో అమ్ముతారు. సంతకం ఆమెదే, డబ్బు మాత్రం ఆమె చేతికి రాదు. స్త్రీధనం పూర్తిగా ఆమె సొత్తేనని, భర్త దగ్గర ఉన్నా అది నమ్మి అప్పగించినదేనని సుప్రీంకోర్టు 1985లోనే తేల్చిచెప్పింది. అయితే రుజువు ఆమే తెచ్చుకోవాలి. పెళ్లిలో ఇచ్చిన కానుకల జాబితా రాసి వధూవరులు సంతకాలు చేయాలని అదే ఏడాది కేంద్రం నిబంధనలు కూడా తెచ్చింది. ఎవరు ఎంత చదివించారో రాసుకునే పుస్తకం మన పెళ్లి పందిట్లో తప్పకుండా ఉంటుంది. పిల్లకు పెట్టిన నగల జాబితా మీద సంతకం అడిగితే మాత్రం అపశకునంలా చూస్తారు.

హక్కుగా రానిదాన్ని బేరమాడి తెచ్చుకోవాలి. బేరానికి ఏదో ఒకటి చేతిలో ఉండాలి. ఆస్తి లేనివారి చేతిలో ఉండేవి రెండే: పెట్టిన వేధింపుల కేసు, కన్న బిడ్డ. పరస్పర అంగీకారంతో విడిపోయేవారి ఒప్పంద పత్రాల్లో ఫుల్ సెటిల్‌మెంట్ కింద ఇంత మొత్తం, కేసు ఉపసంహరణ, బిడ్డను తండ్రి ఎప్పుడెప్పుడు చూడవచ్చు అన్నవి తరచూ ఒకే కాగితం మీద పక్కపక్కన కనిపిస్తాయి. నిజంగా దెబ్బలు తిన్న మనిషి కూడా, బతకడానికి డబ్బు కావాలంటే, తన కేసు తానే వదులుకోవాలి. మరోవైపు నెలనెలా డబ్బు పంపుతున్న తండ్రికి, మొత్తం తేలేదాకా కూతురి గొంతు ఫోన్లో కూడా వినిపించదు. ఇద్దరిలో ఎవరూ పుట్టుకతో దుర్మార్గులు కారు. అడగడానికి వేరే దారి లేని చోట మనుషులు దొరికినదాన్నే పట్టుకుంటారు.

వాయిదా రోజు ఫ్యామిలీ కోర్టు వరండాలో కాసేపు నిలబడితే ఇది కళ్లారా కనిపిస్తుంది. స్కూలు యూనిఫాంలోనే తెచ్చిన ఏడేళ్ల పిల్ల. ఎదురుగా వచ్చి మోకాళ్ల మీద కూర్చున్న తండ్రి, చేతిలో చాక్లెట్. ఆ పిల్ల చాక్లెట్ వైపు కాదు, ముందు తల్లి మొహం వైపు చూస్తుంది. తల్లి తల పక్కకు తిప్పుకున్నాక తీసుకుని, తినకుండా గుప్పిట్లో దాచుకుంటుంది. తినడానికి కూడా ఎవరి పక్షమో తేల్చుకోవాల్సిన స్థితికి ఆ బిడ్డను తెచ్చింది మనమే.

చట్టం మాటకొస్తే, బిడ్డ మేలే అన్నింటికన్నా ముందని 1956 నాటి హిందూ మైనర్ల సంరక్షకత్వ చట్టం 13వ సెక్షన్ సూటిగా చెబుతోంది. అయిదేళ్లలోపు పిల్లలు మామూలుగా తల్లి దగ్గరే ఉండాలి. తండ్రి తర్వాతే తల్లి సహజ సంరక్షకురాలన్న పాత అర్థాన్ని సుప్రీంకోర్టు 1999లో సడలించింది. పెంపకం ఇద్దరూ పంచుకునే పద్ధతిని చట్టంలో చేర్చాలని లా కమిషన్ 2015లో తన 257వ నివేదికలో సిఫార్సు చేసింది. అది నివేదికగానే ఉండిపోయింది. కస్టడీ ఉత్తర్వు శాశ్వతమేమీ కాదు, బిడ్డ అవసరాలు మారితే కోర్టు దాన్ని మార్చవచ్చు. ఈ ఒక్క సంగతి తెలిసినా ‘గెలిచాం, ఓడాం’ అన్న పట్టుదల సగం తగ్గుతుంది.

ఇక్కడే మంచి ఫ్యామిలీ లాయరు విలువ తెలుస్తుంది. 1984 నాటి కుటుంబ న్యాయస్థానాల చట్టం, లాయరును పెట్టుకోవడం కక్షిదారుల హక్కు కాదంది. కోర్టు అనుమతిస్తేనే పెట్టుకోవాలి. వకీళ్లు దూరంగా ఉంటే రాజీ సులువవుతుందన్న సదుద్దేశం దాని వెనుక ఉంది. మా అభిప్రాయం వేరు. జీతం చీటీ, ఆదాయపు పన్ను రిటర్ను, అప్పుల కాగితం చదవలేని మనిషిని ఒంటరిగా కూర్చోబెట్టి చేయించేది రాజీ కాదు, లొంగుబాటు. భార్యాభర్తలిద్దరూ ఆస్తులు, అప్పులు, ఆదాయం వివరిస్తూ అఫిడవిట్లు వేయాలని, భరణం దరఖాస్తు చేసిన తేదీ నుంచే ఇవ్వాలని 2020 నవంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. వకాల్తా పుచ్చుకున్న వారంలోనే ఆ అఫిడవిట్ సిద్ధం చేయించే లాయరు కక్షిదారుకు సగం పని చేసిపెట్టినట్టే. ‘ముందు నాలుగు కేసులు వేద్దాం, వాళ్లే కాళ్లబేరానికి వస్తారు’ అనేవారి దగ్గర నుంచి లేచి వచ్చేయడం మంచిది. అలా మొదలైన తగవుల్లో పిల్లలు పదో తరగతికి వచ్చినా వాయిదాలు తెమలవు.

ఫీజు ఇచ్చుకోలేనివారు వెనకాడనక్కర్లేదు. 1987 నాటి చట్టం ప్రకారం ఆదాయంతో నిమిత్తం లేకుండా మహిళలందరికీ న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇవ్వాలి. హెల్ప్‌లైన్ 15100. ఇద్దరూ నిజంగా ఒప్పుకుని, భరణం, పిల్లల సంగతి తేల్చుకుంటే, పరస్పర అంగీకార విడాకులకు ఆగాల్సిన ఆరు నెలల గడువును కూడా కోర్టు తగిన సందర్భాల్లో మినహాయించవచ్చని 2017లో తీర్పు వచ్చింది.

విదేశాల్లో ఉన్నవారికి చిక్కు మరింత ఎక్కువ. తిరుపతిలో పెళ్లయిన ఒక జంటలో భర్త అమెరికాలోని మిస్సోరీలో తెచ్చుకున్న విడాకులు ఇక్కడ చెల్లవని 1991లో సుప్రీంకోర్టు చెప్పింది. అక్కడి కోర్టు ఆధారం చేసుకున్న కారణం మన వివాహ చట్టంలో లేనిది. భార్య ఆ కోర్టు అధికారానికి ఒప్పుకోనూ లేదు. పిల్లల్ని దేశం దాటించే తగవులపై 1980లో హేగ్‌లో కుదిరిన ఒప్పందంలో భారత్ ఇంతవరకు చేరలేదు. కాబట్టి డాలస్‌లో పుట్టిన బిడ్డను తల్లో తండ్రో విజయవాడ తీసుకొచ్చేస్తే, వెనక్కి పంపాలా వద్దా అన్నది ప్రతిసారీ మొదటి నుంచి వాదించుకోవాల్సిందే.

మొగుడి ఆస్తిలో వాటా ఇప్పించే నిబంధనతో వివాహ చట్టాల సవరణ బిల్లును రాజ్యసభ 2013లో ఆమోదించింది. 2014లో లోక్‌సభ రద్దుతో పాటే అది మురిగిపోయింది. దాన్ని మళ్లీ ఎత్తుకోవాలని మేం కేంద్రాన్ని కోరుతున్నాం. అప్పటిదాకా చేతులు కట్టుకుని కూర్చోవాల్సిన అవసరం తెలుగు రాష్ట్రాలకు లేదు. వివాహం, విడాకులు కేంద్రం, రాష్ట్రాలు రెండూ చట్టం చేయగల ఉమ్మడి జాబితాలోని అంశాలు. కొడుకుతో సమానంగా కూతురికి ఉమ్మడి ఆస్తిలో హక్కునిస్తూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1986లో చట్టం చేసింది, రాష్ట్రపతి ఆమోదంతో అమలు చేసింది. దేశం మొత్తానికి ఆ హక్కు రావడానికి 2005 దాకా పట్టింది. పుట్టింటి ఆస్తిలో ఆడపిల్లకు అంత ముందుగా చోటిచ్చిన నేల మీద, మెట్టినింట ఆమె కష్టంతో కొన్న ఇంట్లో వాటా లేదనడం ఏం న్యాయం? తాతముత్తాతల ఆస్తి జోలికి పోనక్కర్లేదు. పెళ్లయిన నాటి నుంచి ఇద్దరి కష్టంతో సంపాదించినది ఎవరి పేరిట ఉన్నా ఇద్దరిదీ అని ఒక్క చిన్న చట్టం చాలు. అమరావతి, హైదరాబాద్ అసెంబ్లీల్లో వచ్చే సమావేశాల్లోనే ఆ బిల్లు పెట్టాలి.