గంగమ్మకు రాళ్ళ సారె

కాకినాడ–ఉప్పాడ బీచ్ రోడ్డును సముద్రం మింగేస్తోందని గగ్గోలు పెట్టేవాళ్ళకు ఆచారాల మీద గౌరవం లేదు. తుపాను వెళ్ళిన ప్రతిసారీ గంగమ్మకు లారీల కొద్దీ బండరాళ్ళు సారె పెట్టడం మన ఆనవాయితీ. ఇచ్చిన సారెకు లెక్క అడగడం మర్యాద కాదు.

పెట్టడానికీ ఓ పద్ధతుంది. రాళ్ళ కింద పరవాల్సిన, నీటిని వదిలి ఇసుకను ఆపే జియోటెక్స్‌టైల్ గుడ్డను, దానిపై చిన్నరాళ్ళ పొరను ముందుగా మరిచిపోవాలి. అప్పుడే కెరటం వెనక్కి లాగినప్పుడల్లా సందుల్లోంచి ఇసుక జారి, కట్ట హాయిగా కుంగుతుంది. కట్ట పాదం దగ్గర లోతుగా తవ్వి పెద్ద రాళ్ళు పాతడం కూడా అనవసరపు చాదస్తం. కట్టకు కొట్టుకుని మళ్ళిన కెరటం ఆ పాదం కిందే ఇసుక తోడేస్తుంది. అక్కడ లోతు పెరిగేసరికి, దూరంలోనే విరిగిపోవాల్సిన పెద్ద కెరటం నేరుగా గుమ్మంలోకి వస్తుంది. అతిథి మర్యాద అంటే అదీ.

ఇక రాయి బరువు. అది కెరటం ఎత్తు ఘనాన్ని బట్టి పెరగాలని తీర రక్షణ ఇంజనీర్లు వాడే హడ్సన్ సూత్రం. అంటే ఎత్తు 10 శాతం పెరిగితే బరువు 33 శాతం పెరగాలి. సముద్రమట్టం పెరుగుతోంది, నిజమే. కానీ పాత అంచనా కాగితం మీద తేదీ మారిస్తే సరిపోయేదానికి కొత్త లెక్కలెందుకు?

2010 ప్రాంతంలో ఆధునికతనూ ఆదరించాం. ఇసుక నింపిన జియోట్యూబులు వేశాం. ఎంతైనా గుడ్డ సంచులు కదా, ఎండకు పెళుసెక్కుతాయి. ఒక్కచోట చిరిగితే లోపలి ఇసుక గంగమ్మ పాలు. ఉప్పాడ జాందానీ అంచు రెండు వైపులా ఒకేలా కనిపిస్తుందంటారు. ఊరి అంచూ అంతే, ఎటు చూసినా చిరుగే.

అసలు కొరత ఇసుకకని కొందరి వాదన. గోదావరి తేవాల్సిన మట్టీ ఇసుకా ఆనకట్టల వెనక ఆగుతున్నాయట. వచ్చిందాంట్లోనూ కొంత కాకినాడ ఎదుట ఉన్న హోప్ ఐలండ్ ఇసుక తిన్నె దగ్గరే చిక్కుకుంటోందట. విశాఖలో ఔటర్ హార్బర్ గోడలు ఉత్తరానికి నడిచే ఇసుకకు అడ్డం పడ్డాయి కాబట్టి, డ్రెడ్జర్‌తో తవ్వి ఆర్‌కే బీచ్‌లో పోస్తుంటారు. పనికొచ్చే పనే. కానీ ఆపితే తీరం మళ్ళీ కోతకే, కనుక ఏటా పోస్తూనే ఉండాలి. పైగా ఇసుక మీద శిలాఫలకం నిలవదు. రాళ్ళ మీదైతే నిలుస్తుంది, కనీసం వచ్చే వాయుగుండం దాకా.