సరస్వతి ఆకుకు చీకటీ వద్దు, మురుగూ వద్దు

తొలకరి పడగానే మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఏటా తిరిగే సందేశం ఈసారీ వచ్చింది. "సరస్వతి ఆకుకు ఎండ పొడ తగలకూడదు. మోరీ పక్కన గుచ్చి వదిలేయండి, నేలంతా అదే అల్లుకుంటుంది. రోజుకు రెండాకులు నమిలితే పిల్లలు చదివింది మరిచిపోరు." హనుమకొండలో నాలుగేళ్లుగా ఈ తీగతో కుస్తీ పడుతున్నవాణ్ని, ఊరుకోలేకపోయాను.

ఎండ సంగతి చూద్దాం. మొదటి ఏడాది నేనూ ఈ మాట నమ్మి మెట్ల కింద నాటాను. కాడలు జానెడు సాగాయి, చివర ఆకు మాత్రం రూపాయి బిళ్లంత కూడా లేదు. అదే తీగ ముక్కను, ఉదయం తొమ్మిది దాకా ఎండ పడి ఆపైన జామచెట్టు నీడ కమ్మే చోటికి మార్చాను. నెల తిరిగేసరికి కాడ పొట్టిబడింది, ఆకు వెడల్పయింది, అంచున గంట్లు తేలాయి. పడకూడనిది మన మే నెల మధ్యాహ్నపు ఎండ. 43, 44 డిగ్రీల్లో ఆకు ఒక్కపూటలో అప్పడంలా పెళుసెక్కుతుంది.

మోరీ సలహా అన్నిటికంటే ప్రమాదం. అక్కడ మొక్క బతకదని కాదు, ఏపుగా బతుకుతుంది. చిక్కంతా అక్కడే ఉంది. తడి నేలలో సీసం వంటి లోహాలుంటే ఈ మొక్క వాటిని పీల్చి ఆకుల్లో దాచుకోగలదు. తీగ నేలను అంటిపెట్టుకునే పాకుతుంది కాబట్టి మురుగులోని క్రిములు ఆకు అడుగున చేరతాయి. పైగా మనం దీన్ని ఎక్కువగా ఉడికించకుండా, పచ్చిగానే నములుతాం. కాల్వ పక్కన నిగనిగలాడే ఆకులను చూస్తే నాకు నోరూరదు.

గుచ్చి వదిలేయడమా? కణుపు నేలను తాకిన చోటల్లా వేరు దిగుతుంది, నిజమే. కానీ మనకు వాన చాలావరకు జూన్, సెప్టెంబరు మధ్యే కురిసిపోతుంది. చల్కా నేల, అంటే మా ఇసుకపాటి ఎర్రనేల, ఆ తడిని పట్టి ఉంచదు. మాగిన పశువుల ఎరువు కలిపి, పైన ఎండుటాకులు పరిచినా, సంక్రాంతి దాటాక నీళ్లు పోయాల్సిందే. రెండో వేసవిలో పది రోజులు ఊరెళ్లి వచ్చేసరికి నా మడి బోడిగుండు అయింది. వానలు పడ్డాక మిగిలిన వేళ్ల నుంచి మళ్లీ చిగురించింది, అది నా గొప్ప కాదు.

జ్ఞాపకశక్తికి గట్టి రుజువు లేదు. దీని మాత్రలు వారాల తరబడి మింగిన కొందరిలో కాలేయం దెబ్బతిన్న కేసులు నమోదయ్యాయి. పప్పులోనో పచ్చడిలోనో ఎప్పుడైనా వేసుకుంటే అది వేరే సంగతి.

ఇంతకీ ఆ సందేశంలోని ఫొటో సరస్వతి ఆకుదే కాదు. అందులో దళసరిగా, చెంచాల్లా ఉన్న చిన్న ఆకులు కాడకు రెండువైపులా జంటలుగా ఉన్నాయి. అది నీటి బ్రాహ్మి. రెండింటినీ బ్రాహ్మి అనే పిలుస్తారు కాబట్టి తికమక సహజం. సరస్వతి ఆకు మూత్రపిండం ఆకారంలో ఉంటుంది, కణుపు నుంచి పొడవాటి కాడతో లేస్తుంది, కొత్తిమీర కుటుంబానికి చెందుతుంది. మా పెద్దనాన్న కొడుకు ఆ ఫొటో చూపించి నర్సరీ నుంచి నీటి బ్రాహ్మినే తెచ్చుకున్నాడు, మోరీ పక్కన నాటేశాడు కూడా.