పందిపిల్లలకు సముద్రపు నాచు: పొడి వేరు, సారం వేరు

పందిపిల్లకు అసలు గండం తల్లిపాలు మాన్పించిన తొలి రెండు వారాలు. తల్లి దూరమవుతుంది, పాల బదులు మొక్కజొన్న, సోయా చెక్క ఎదురవుతాయి. తిండి సరిగా ముట్టదు. పోషకాలను పీల్చుకునే పేగు పొర దెబ్బతింటుంది. అదే అదనుగా ఈ-కోలి అనే బ్యాక్టీరియా పెరిగి పారుడు పట్టుకుంటుంది.

దీనికి ఇన్నాళ్లూ సులువుగా దొరికిన విరుగుడు దాణాలో యాంటీబయాటిక్. పెరుగుదల కోసం అలా కలపడాన్ని ఐరోపా సమాఖ్య 2006లో ఆపేసింది. పారుడు ఆగడానికి భారీ మోతాదులో వాడే జింక్ ఆక్సైడ్‌నూ 2022లో నిలిపేసింది. మనుషులకు ఏ మందూ పనిచేయనప్పుడు వాడే కొలిస్టిన్‌ను పశుపోషణలో వాడకుండా మన దేశం 2019లో నిషేధించింది. ఎప్పుడో రావాల్సిన మంచి నిర్ణయం అది. ఇప్పుడు ఆ మందుల స్థానంలో ఏం పెట్టాలన్న వెతుకులాటలోనే నాచు పేరు వినబడుతోంది.

గోధుమరంగు నాచుల్లో లామినారిన్, ఫ్యూకోయిడాన్ అనే పదార్థాలు ఉంటాయి. లామినారిన్ పేగులో మేలు చేసే బ్యాక్టీరియాకు ఆహారమవుతుంది. ఐర్లండ్‌లోని యూనివర్సిటీ కాలేజ్ డబ్లిన్ పరిశోధకులు టన్ను దాణాకు 300 గ్రాముల లామినారిన్ కలిపి చూస్తే పిల్లల బరువు పెరిగింది, పారుడు తగ్గింది.

అయితే ఆ ఫలితం నాచు నుంచి తీసిన సారానిది. ఎండబెట్టి దంచిన పొడికి అదే గుణం అంటగడితే రైతును మోసం చేసినట్టే. జాతిని బట్టి, కోసిన కాలాన్ని బట్టి లామినారిన్ పాళ్లు మారిపోతాయి. పొడిలో ఉప్పు, అయోడిన్ దండిగా ఉంటాయి, కొన్ని జాతుల్లో ఆర్సెనిక్ కూడా. తమిళనాడులో మండపం వైపు సాగుచేసే కప్పాఫైకస్ ఎర్ర నాచు. అందులో ఉండేది కారాజీనన్, లామినారిన్ కాదు. రేపు బాపట్ల తీరంలో అదే నాచు పెంచినా పందిపిల్లల పారుడుకు మందు దొరికినట్టు కాదు.

నాకు ఎక్కువ భయం ఉప్పు గురించే. విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల హోటళ్లలో మిగిలిన అన్నం, సాంబారు, పచ్చళ్లు పందులకు మేపేవాళ్లున్నారు. ఆ తిండిలోనే ఉప్పు ఎక్కువ. దానికి నాచు పొడి తోడై, మే నెల ఎండలో నీళ్ల తొట్టి ఎండిపోయిందంటే ఉప్పే విషమవుతుంది. పంది చూపు మందగిస్తుంది, గుండ్రంగా తిరుగుతుంది, మూర్ఛ వచ్చి పడిపోతుంది. (పందులను చంపే వైరస్ జబ్బు ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ భయమూ ఉంది కాబట్టి ఆ మిగులు తిండిని బాగా మరిగించకుండా మేపనే కూడదు.) ఇలాంటి చోట నాచు పొడి వద్దంటాను. అక్కడ ముందు కావాల్సింది ఎప్పుడూ నిండుగా ఉండే నీళ్ల తొట్టి, తడిలేని వెచ్చని నేల, 28 రోజులైనా నిండాకే పాలు మాన్పించడం.

సమతుల దాణా మేపే ఫారాలకు సారం పనికిరావచ్చు, అదీ పాలు మాన్పించిన ఆ కొద్ది వారాలకే. సంచి మీద నాచు జాతి, లామినారిన్ శాతం, అయోడిన్, ఆర్సెనిక్ మోతాదు అచ్చువేయడం తప్పనిసరి చేయాలి. గన్నవరంలోని ఎన్టీఆర్ పశువైద్య కళాశాల మన నూకలు, తవుడు కలిసిన దాణాతోనే ఈ సారాన్ని పరీక్షించాలి. ఆ ఫలితాలు రాకముందే ఎవరైనా సబ్సిడీ ప్రకటిస్తే పందుల పెంపకందార్లు గట్టిగా ప్రశ్నించాలి.