రిసీవింగ్ ట్రాన్స్‌ఫార్మర్‌కి టెఫ్లాన్ వైరే కావాలా?

హ్యామ్‌ల (అభిరుచిగా రేడియో నడిపేవాళ్ల) మధ్య ఒక సలహా తెగ తిరుగుతోంది. బెవరేజ్ (నేలకి దగ్గరగా సాగే పొడవాటి తీగ) లాంటి రిసీవింగ్ యాంటెనాకి ట్రాన్స్‌ఫార్మర్ చుట్టాలంటే టెఫ్లాన్ వైరే వాడాలట. ఎనామెల్ (రాగి తీగ మీది పలచటి పూత) వోల్టేజ్‌కి ఆగదట, పీవీసీ సిగ్నల్‌ని తినేస్తుందట, టెఫ్లాన్ అయితే పిడుగుకీ చెక్కు చెదరదట. టెఫ్లాన్ మంచి వైరే, కాదనను. చెబుతున్న కారణాలే తప్పు.

ముందు వోల్టేజ్ సంగతి. హెచ్‌ఎఫ్‌లో (షార్ట్‌వేవ్‌లో) ఎస్9 అనే బలమైన సిగ్నల్ అంటే 50 ఓమ్‌ల దగ్గర 50 మైక్రోవోల్టులు. దానిపైన 60 డీబీ వచ్చినా 50 మిల్లీవోల్టులే. పలచటి ఎనామెల్ కూడా వందల వోల్టులు ఆపుతుంది. ఈ భయం ట్రాన్స్‌మిట్ బాలన్‌ల (సిగ్నల్ పంపే యాంటెనాకి పెట్టే ట్రాన్స్‌ఫార్మర్ల) దగ్గర పుట్టింది. 450 ఓమ్‌లలోకి 1500 వాట్లు పంపితే 820 వోల్టులు ఉంటాయి కాబట్టి అక్కడ అర్థముంది.

పీవీసీ నష్టం? వైండింగ్‌ల మధ్య 10 పికోఫారడ్లు ఉన్నాయనుకోండి. 1.8 మెగాహెర్ట్జ్‌లో దాని రియాక్టెన్స్ దాదాపు 8,800 ఓమ్‌లు. లాస్ టాంజెంట్ (తొడుగు సిగ్నల్‌ని ఎంత తింటుందో చెప్పే అంకె) 0.1 అని మరీ ఘోరంగా లెక్కేసినా, యాంటెనా వైపు ఉండే 450 ఓమ్‌లకి పక్కన 88 కిలో ఓమ్‌లు పెట్టినట్టే. రిసీవర్‌కి తెలియను కూడా తెలియదు. పీవీసీతో అసలు చిరాకు సోల్డరింగ్‌లో: వేడికి కరిగి వెనక్కి ముడుచుకుంటుంది.

ఎనామెల్‌కీ ఒక బలహీనత ఉంది, కానీ అది వోల్టేజ్ కాదు. వైర్ చుట్టే బైనాక్యులర్ కోర్ (రెండు రంధ్రాల ఫెర్రైట్ ముక్క) రంధ్రం అంచు పదునుగా ఉంటుంది, వైర్ లాగుతుంటే పూత గీరుకుపోతుంది. ఇలాంటి వాటికి వాడే 73 రకం కోర్ మాంగనీస్-జింక్ ఫెర్రైట్. దాని రెసిస్టివిటీ తక్కువ. రెండు వైండింగ్‌లూ గీరుకుని కోర్‌ని తాకితే వాటి మధ్య దారి ఏర్పడినట్టే. చుట్టాక ప్రైమరీకీ సెకండరీకీ మధ్య మీటర్ పెట్టండి, ఓపెన్ చూపించాలి. కిలో ఓమ్‌లు కనబడితే విప్పేయండి.

ఆ సలహాలో లేనిది, నా దృష్టిలో అసలైనది, వైండింగ్‌ల మధ్య కెపాసిటెన్స్. రిసీవర్‌కి వెళ్లే కోయాక్స్ కేబుల్ షీల్డ్ (పై జాలీ) మీద ఇంట్లోంచి వచ్చే నాయిస్ యాంటెనాలోకి దూరేది ఆ దారినే. రెండు ఎనామెల్ వైర్లని మెలిపెట్టి చుట్టారంటే ఆ దారిని మీరే వెడల్పు చేసినట్టు. ఒకటి కోర్‌కి ఈ వైపు నుంచి, రెండోది ఆ వైపు నుంచి చుట్టండి. తొడుగు మందంగా ఉంటే వైర్లు ఇంకాస్త దూరం జరుగుతాయి. టెఫ్లాన్ డైఎలక్ట్రిక్ స్థిరాంకం 2.1 కావడం ఇక్కడ కొంచెం కలిసొస్తుంది.

అయితే మందానికీ హద్దుంది. బీఎన్-73-202 అనే 73 రకం బైనాక్యులర్ కోర్ రంధ్రం సుమారు 3.8 మిల్లీమీటర్లు. 75 ఓమ్‌ల కోయాక్స్ వైపు 2 చుట్లు, యాంటెనా వైపు 5 చుట్లు వేస్తే 469 ఓమ్‌లు వస్తుంది, ఒక్కో రంధ్రంలో 7 వైర్లు పడతాయి. తొడుగుతో కలిపి 1 మిల్లీమీటర్ వైరైతే 3 మిల్లీమీటర్లలో సర్దుకుంటాయి. 1.5 అయితే 4.5 కావాలి, పట్టవు.

ఇక పిడుగు. పక్కన పడినా చాలు, సన్నటి రాగి తీగే ఆవిరైపోవచ్చు. మీద తొడుగు ఏదైతేనేం? గ్యాస్ డిశ్చార్జ్ ట్యూబ్ (ఎక్కువ వోల్టేజ్‌ని ఎర్త్‌కి మళ్లించేది), మంచి ఎర్త్ పెట్టుకోండి. ఉరుములు మొదలవకముందే కోయాక్స్ పీకేయండి.