ఇంజన్ బొమ్మ వెనుక కొలువైన పి-0087 గారికి

మహారాజశ్రీ పి-0087 గారి సముఖమునకు,

మిర్చి బస్తాలు మోసే పికప్ ఓనరు నమస్కరించి రాసుకునే విన్నపములు. ఉభయకుశలోపరి. తమరు బండిల తప్పు చెప్పే కోడు నంబరు కదా, తమరి కుశలం అడిగే పనే లేదు, డ్యాష్‌బోర్డు మీద పసుప్పచ్చ ఇంజన్ బొమ్మ మెరుస్తనే ఉన్నది. బాగలేనిది మా సంగతే.

నిన్న తమరు ఆత్మకూరు దాటినంక దయచేసిన్రు. వెనుక నిండ చపాట మిర్చి బస్తాలు, పక్క సీట్ల రైతు. తమరు వెలిగిన్రు, బండి గుంజుడు బంద్ జేసింది. యాక్సిలేటర్ అడుగుదాక తొక్కినా ముల్లు నలభై దాటలే. ఏనుమాముల మార్కెట్ చేరేసరికి జెండా పాట, అంటె ఆ రోజు ధర తేల్చే వేలం, ఒడిసింది. ఆ తర్వాత దిగిన బస్తాను ఖరీదుదార్లు ఎట్ల చూస్తరో, ఎంతకు అడుగుతరో తమరికి ఎట్ల తెలుస్తది? రైతు నన్ను ఒక్క మాట అనలే. కిరాయి ఇచ్చేటప్పుడు నోట్లు మల్లోసారి లెక్కపెట్టి, అండ్లకెల్లి ఒకటి తీసి జేబుల పెట్టుకున్నడు. న్యాయమే.

మరి మొన్ననే కదా, హంటర్ రోడ్డు షెడ్డుల పిలగాడు కోడ్లు చదివే స్కానర్ ఊడబీకుతా "క్లియర్ అయిందన్నా, ఇగ రాదు, నాది గ్యారంటీ" అన్నది? ఆ గ్యారంటీ ములుగు రోడ్డు దాటేదాక కూడ రాలే.

తమరి వంశం గురించి ఇన్నాళ్లల్ల నాకు బాగనే తెలిసింది. ముందల పి ఉంటె ఇంజను, గేర్‌బాక్సు బాపతు. బి అంటె బాడీ, సి అంటె ఛాసిస్, యు అంటె బండిల కంప్యూటర్లు ఒకదానితోని ఒకటి మాట్లాడుకోవుడు బందైనట్టు. తర్వాత సున్నా ఉంటె ఏ కంపెనీ బండైనా ఒక్కటే అర్థం, ఒకటి ఉంటె ఆ కంపెనీ సొంత లెక్క. అమెరికల 1996 నుంచి నడుస్తున్న పద్ధతి. మన కాడ 2020 ఏప్రిల్‌ల బీఎస్-6 పొగ నిబంధన వచ్చినంక తమరి బలగం ఇంకింత పెరిగింది. పాత బండ్లల్ల పొగ చూసి రోగం చెప్పే మేస్త్రీలుండె. ఇప్పుడు అందరి చేతుల స్కానర్లే, రోగం చెప్పేటోళ్లే లేరు.

తమరు చెప్పేది ఒక్కటే ముక్క: రైలుల, అంటె ఇంజన్‌లకు డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లకు డీజిల్ పంచే గొట్టంల, ఒత్తిడి కంప్యూటర్ అడిగినంత లేదు. అంతే. ఎందుకు లేదో తమరు చెప్పలే, చెప్తనని కూడ అనలే. ట్యాంకుల జాలి మూసుకపోవచ్చు, ఫిల్టర్ జామ్ కావచ్చు, పైపుల గాలి దూరవచ్చు, పెద్ద పంపు అరగవచ్చు, దానికి డీజిల్ లెక్కగ ఇడిచే మీటరింగ్ వాల్వు పట్టుకోవచ్చు, ఇంజెక్టర్లు డీజిల్‌ను ఎక్కువ వాపసు ఇడువవచ్చు, లేకుంటె ఒత్తిడి కొలిచే సెన్సారే అబద్ధం ఆడవచ్చు. ఇన్ని దార్లుంటె మా మేస్త్రీలకు కనవడ్డది ఒక్కటే దారి, నా జేబుల్నుంచి పోయేది.

మొదటాయన తమరి పేరు చదివి సెన్సార్ మార్చిండు. రెండో ఆయన అదే పేరు చదివి పెద్ద పంపు మార్చిండు. మా బావ నిమ్మకాయలు కట్టుమన్నడు, మిరపకాయలైతె బండి నిండ ఉన్నయి. బంకుల కల్తీ అన్నోడు ఒకడు, లోడ్ ఎక్కువేసినవా అని సర్వీస్ సెంటర్‌ల ఏసీ కింద కూసొని అడిగినోడు ఒకడు. బొమ్మ మీద నల్లటేపు అతికియ్యమన్నోడైతె పైసలు అడుగలే, గాయన నయం.

వీళ్లందరినీ మర్చిపోత గాని, ఆ క్లియర్ బటన్‌ను మాత్రం మర్చిపోను.

తమరు పుట్టిన ఆ క్షణాన ఇంజన్ ఎంత స్పీడు తిరుగుతాంది, లోడు ఎంత, నీళ్ల వేడి ఎంత, బండి ఎంత మీద పోతాంది, అంత కంప్యూటర్‌ల రాసి పెడ్తరు. ఫ్రీజ్ ఫ్రేమ్ అంటరట. ఖాళీ బండి మీద ఎందుకు రారు, నిండు బండి ఎక్కుడు ఎక్కుతాంటెనే ఎందుకొస్తరు అన్న ప్రశ్నకు జవాబు అండ్లనే ఉంటది. గంత విలువైన కాగితాన్ని ఒక్కడన్న చదివిండా? స్కానర్ పెట్టుడు, నంబర్ చూసుడు, క్లియర్ నొక్కుడు. తమరితోని పాటు ఆ రాసింది కూడ తుడిచిపెట్టుకపోతది. "పోయిందన్నా!" అని నవ్వుడు. ఏం పోయింది రా? జ్వరం చూసిన చీటీ చింపితె జ్వరం పోతదా? ప్రతి షెడ్డుల అదే కథ, బ్యాటరీ వైరు పీకి పెట్టినోడు కూడ ఉన్నడు, దానికీ పైసలు తీసుకున్నడు. బండి చెప్పిన సాక్ష్యాన్ని నా కండ్ల ముందల తుడిచి, తుడిచిన కూలి నా కాడనే వసూలు జేసిన్రు. సచ్చినోళ్లు. పైకెల్లి "లైటు ఆరింది కదన్నా, ఇంకేం కావాలె" అనుడు. బండి గుంజాలె రా, గది కావాలె!

నీ తప్పు కూడ ఉన్నది, ఇనుకో. షెడ్డు గేటు దాటంగనే నువ్వు ఎక్కడలేని మంచోడివైతవు. వరుసగ మూడు ట్రిప్పులు తప్పు దొరకకపోతె లైటు అదే ఆరిపోతదట. ఖాళీ బండితోని కాజీపేట పోయొస్తె నువ్వు ఊర్లనే ఉండవు. నిజం చెప్పాల్సిన కాడ మొకం చాటేస్తె ఎట్ల?

ఇయ్యాల పొద్దుగాల ఆటోనగర్‌ల ఓ ముసలి మేస్త్రీ కాడికి పోయిన. స్కానర్ పెట్టిండు. నా గుండె దడదడ, ఇగో నొక్కుతడు అనుకున్న. నొక్కలే. నువ్వు రాసినదంత సిగరెట్ డబ్బా అట్ట మీద ఎక్కించుకున్నడు. తర్వాత బండిని ఎనుకముందు తిప్పకుండ, కంప్యూటర్ అడిగిన ఒత్తిడి, వచ్చిన ఒత్తిడి రెండు గీతలు పక్కపక్కన పెట్టిండు. నిలబెట్టి నడిపితె 300 బార్ (ఒత్తిడి కొలత) సుట్టుపక్కల చాలు, రెండు గీతలు కలిసే ఉన్నయి. లోడు వేసుకొని ఎక్కుడు ఎక్కిచ్చిండు. కంప్యూటర్ వెయ్యి బార్ దాటి అడుగంగనే అడిగిన గీత పైకి పోయింది, వచ్చిన గీత కిందనే కూలవడ్డది.

ఇంజెక్టర్ల వాపసు పైపులు పీకి ఒక్కోదానికి ఒక్కో సీస పెట్టిండు. అన్నిట్ల సమానంగనే నిండినయి. అంటె ఇంజెక్టర్లు మంచిగనే ఉన్నయి. తర్వాత ట్యాంకు పైపు ఇడిపిచ్చి, క్యాబిన్‌ల పెట్టిన డబ్బాలకెల్లి సీదా డీజిల్ ఇచ్చి మల్ల అదే ఎక్కుడు ఎక్కిచ్చిండు. బండి గుంజింది! నువ్వు రాలే. అప్పుడు కింద పండి ట్యాంకు నుంచి ఫిల్టర్ దాక పోయే రబ్బరు పైపు పీకి కోసి చూపెట్టిండు. మీద నల్లగ నిగనిగ, లోపల పొర ఊడి యాలాడుతాంది. మా బండికి ట్యాంకుల పంపు లేదు, డీజిల్‌ను ముందటి పంపే గుంజుకోవాలె. మెల్లగ గుంజితె దారి ఇస్తది, గట్టిగ గుంజితె ఊడిన పొర లోపలికి ముడుసుకొని మూసుకుంటది.

మీటరు లెక్కన అమ్మే పైపు. కొత్త పంపు పైసలల్ల మిల్స్ కాలనీ నుంచి మా ఊరిదాక పరవొచ్చు ఆ పైపు.

నీ మీద కోపం సగం చల్లారిందని ఒప్పుకుంట. ఎవడు ఎన్నిసార్లు తుడిచినా నువ్వు మాట మార్చలే. పంపు అని నువ్వు ఎన్నడూ అనలే, సెన్సార్ అనలే. ఒత్తిడి తక్కువున్నది అన్నవు, గదే అనుకుంట ఉన్నవు. ఇంట్ల మనుషులు కూడ గంత ఒక్క మాట మీద ఉండరు.

మల్ల వచ్చేదుంటె రా. కని రాసేది మాత్రం పూర్తిగ రాయి. నేను ముందుగాల ఫోన్‌ల ఎక్కించుకున్నంకనే ఎవలకన్న చూపెడ్త. చూడకుండ క్లియర్ మీద ఏలు పెట్టినోని ఏలు విరుస్త, అది మనసుల పెట్టుకో.

ఇట్లు,
కొత్త పంపు, కొత్త సెన్సార్‌కు కిస్తీ కడుతున్న
తమ విధేయుడు

తా.క.: తీసేసిన పాత పంపు బంగారం లెక్క ఉన్నదని ముసలాయన చెప్పిండు. కొత్తది వాపసు ఇద్దామని పోతె "బిగించిన సామాను తీసుకోం" అన్నరు. పాతది సజ్జ మీద ఉన్నది. ఎవలకన్న కావాల్నంటె చెప్పున్రి, సగం ధరకే ఇస్త.